నిద్రమాత్ర మానిన పిదప తడబడే అడుగులు

మా మధురానగరులో పదవీవిరమణ చేసిన ఉద్యోగుల కుటుంబములు ఎక్కువ. ఉదయము కృష్ణకాంత్ ఉద్యానవనములో నడకకు వచ్చే వయోధికులతో మాట కలిస్తే, వారు వాడే మందుల పేర్లు వరుసగా చెబుతారు. రక్తపుపోటుకొకటి, మధుమేహమునకు రెండు, కొలెస్టరాలుకొకటి. ఆ జాబితాలో ఒక మాత్ర మాత్రము తరచు ఉండదు. అది రాత్రి పడుకొనేముందు వేసుకొనే నిద్రమాత్ర. పదేళ్ళుగానో, ఇరువదేళ్ళుగానో వాడుతున్నా అది మందుల లెక్కలోనికి రాదని చాలామంది నమ్మకము. ఆ నమ్మకము వలన కలిగే ప్రమాదము గురించి వ్రాయాలని చాలాకాలముగా అనుకుంటున్నాను.

మా వీధిలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులున్నారు. వయస్సు 76 సంవత్సరములు. పధ్నాలుగేళ్ళుగా రోజూ రాత్రి ఆల్ప్రజోలామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకొనేవారు. ఆ మాత్రల వలన మతిమరపు వస్తుందని విదేశములో ఉన్న కుమారుడు ఫోనులో చెప్పగా, పట్టుదల గల మనిషి కనుక ఆ రాత్రే మానివేశారు. మొదటి రెండు రాత్రులు నిద్ర లేదు. మూడవనాటికి చేతులు వణకసాగాయి. కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయారు. అయిదవనాటికి కాళ్ళలో కండరములు ఉలికిపడేవి. లేచి నిలబడితే తూలిపోయేవారు, అడుగు ముందుకు పడేది కాదు. పక్షవాతమేమో అని భయపడి నగరములో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మెదడు చిత్రీకరణలో దోషమేమీ కనిపించలేదు. వణుకుకు పార్కిన్‌సన్ వ్యాధి మాత్రలు, తూలుడుకు సిన్నరిజిన్ వ్రాసి పంపారు. వారము గడచినా ఆయన మంచము దిగలేదు.

నేను చూడడానికి వెళ్ళినపుడు, ఇటీవల ఏదైనా మందు మానారా అని ఆయన భార్యను అడిగాను. “లేదు అన్నయ్యగారూ, అన్నీ వేళకే ఇస్తున్నాను” అన్నారు. నిద్రకేమైనా వాడేవారా అని మళ్ళీ అడిగితే, “అది మందేమిటండీ, చిన్న మాత్రే కదా! మానేశారుగా, ఇంక చెప్పడమెందుకని ఆసుపత్రిలో చెప్పలేదు” అన్నారు. రోగనిర్ణయమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

డయజిపామ్, ఆల్ప్రజోలామ్, లోరజిపామ్, క్లోనజిపామ్, నైట్రజిపామ్ మొదలైనవి బెంజోడయజిపిన్ వర్గమునకు చెందిన మందులు. ఈ వర్గములో మొదటి మందు 1960లో, డయజిపామ్ 1963లో విపణికి వచ్చాయి. మన మెదడులో నాడీకణముల ఉద్రేకమును అణచే ‘గాబా’ అనే రసాయనముంది. బండికి బ్రేకు ఎటువంటిదో మెదడుకు గాబా అటువంటిది. ఈ మందులు ఆ బ్రేకును మరింత గట్టిగా పట్టేటట్లు చేస్తాయి. ఏళ్ళ తరబడి మందు అందితే, మెదడు దానికి సర్దుకొని తన సొంత బ్రేకును సడలించుకుంటుంది. ఉద్రేకమును కలిగించే గ్లుటమేట్ వ్యవస్థ ప్రబలమవుతుంది. ఒక్కసారిగా మందు మానితే అరువు బ్రేకు పోతుంది, సొంత బ్రేకు ఇంకా బిగియలేదు. అందువలన కంపము, కండరముల బిగువు, కండరములు అదరడము, కుదురుగా కూర్చోలేకపోవడము, నడకలో తూలుడు కలుగుతాయి. కొందరికి మూర్ఛలు రావచ్చు. అరుదుగా, ముఖ్యముగా వృద్ధులలో, మనిషి మాట, కదలిక, ఆహారము మాని కొయ్యబారినట్లు ఉండిపోవచ్చు. ఈ స్థితిని కెటటోనియా అంటారు. ఇది అత్యవసర పరిస్థితి. లోరజిపామ్ సూదిమందుతో చాలామందిలో త్వరగా గుణము కనిపిస్తుంది.

ఈ విషయము మన రాష్ట్రమునకు కొత్త కాదు. 2015 సెప్టెంబరులో నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో కల్తీకల్లును అధికారులు అరికట్టినపుడు, వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమణముతో ఎందరో ఆసుపత్రులకు చేరారు. ఆ కల్లులో కలిపేవి డయజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివే. కల్లు మానినందుకు అలా అయిందని పల్లెలలో అనుకున్నారు. నిజానికి వారు తమకు తెలియకుండానే నిద్రమందుకు అలవాటుపడి ఉన్నారు. కల్లు దుకాణములో అజ్ఞాతముగా జరిగినది, మన ఇళ్ళలో మందులపెట్టె సాక్షిగా జరుగుతున్నది.

లక్షణములు ఎప్పుడు పొడసూపుతాయన్నది మందును బట్టి ఉంటుంది. ఆల్ప్రజోలామ్, లోరజిపామ్ వంటివి శరీరము నుంచి త్వరగా తొలగుతాయి కనుక ఒకటి రెండు రోజులలోనే బాధలు మొదలవుతాయి. డయజిపామ్ కొవ్వులో నిలువ ఉండి నెమ్మదిగా వెడలుతుంది. అది మానిన వారమునకో, ఆ తరువాతో బాధలు రావచ్చు. అప్పటికి మాత్ర మానిన సంగతి ఇంటిల్లిపాదీ మరచిపోతారు.

పక్షవాతములో సాధారణముగా ఒక ప్రక్క చేయి, కాలు అకస్మాత్తుగా పడిపోతాయి, మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది. అటువంటపుడు క్షణమైనా ఆలసించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పార్కిన్‌సన్ వ్యాధి నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుంది. తరచు ఒక చేతితో మొదలవుతుంది, చేయి విశ్రాంతిగా ఉన్నపుడు వణుకు హెచ్చుగా ఉంటుంది. మందు మానిన వణుకు కొద్ది రోజులలోనే రెండు చేతులకూ వస్తుంది, చేతులు చాచినపుడు సన్నగా, వేగముగా కనిపిస్తుంది. దానికి తోడు నిద్రలేమి, చెమటలు, గుండెదడ, ఆందోళన ఉంటాయి.

మరొక చిక్కు ఉంది. సిన్నరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కడుపు ఉబ్బరమునకు వాడే లీవోసల్పిరైడ్ వంటివి డోపమిన్ గ్రాహకములను అడ్డగించి, వృద్ధులలో పార్కిన్‌సన్ వ్యాధిని పోలిన లక్షణములను కలుగజేయగలవు. ఒక మందు మానినందుకు వచ్చిన బాధకు మరొక మందు, దాని బాధకు ఇంకొకటి. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి.

మా ప్రధానోపాధ్యాయులను నాడీవైద్య నిపుణుని వద్దకు పంపాము. ఆయన పాత మాత్రను మళ్ళీ మొదలుపెట్టి, కొత్తగా వ్రాసిన రెంటినీ ఆపారు. నాలుగు రోజులలో రోగి లేచి నడిచారు. తరువాత పది నెలల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాత్రను పూర్తిగా మానిపించారు. చేతులలో స్వల్పమైన వణుకు మాత్రము మిగిలింది. ఆయన తండ్రిగారికి కూడా ముసలితనములో అటువంటి వణుకే ఉండేదట. వంశానుగతముగా వచ్చే ఆ కంపమును ఇన్నేళ్ళూ ఆల్ప్రజోలామ్ మరుగుపరచింది. మాత్ర మానిన పిదప మిగిలినదంతా మాత్ర మానడము వలన వచ్చినదే అనుకోరాదు. దాగి ఉన్న వ్యాధి బయటపడడము కూడా కద్దు.

అయితే ఈ మాత్రలు జీవితాంతము వాడవలసిందేనా? కాదు. వృద్ధులలో ఇవి తూలుడుకు, పడిపోవడమునకు, తుంటియెముక విరగడమునకు, జ్ఞాపకశక్తి మందగించడమునకు దారితీస్తాయి. మానడము మంచిదే, మానే పద్ధతి ముఖ్యము. 2025లో అమెరికా వైద్యసంఘములు ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము రెండు నుంచి నాలుగు వారములకు ఒకసారి మోతాదును 5 నుంచి 10 శాతము తగ్గించి చూడాలి. రెండు వారములలో 25 శాతమునకు మించి తగ్గించరాదు. బాధలు హెచ్చితే కొంతకాలము ఆ మోతాదు వద్దనే ఆగాలి. ఇది వైద్యుని పర్యవేక్షణలో జరుగవలసిన పని. ఆ నెలలలో పడకగదికి, స్నానాలగదికి మధ్య రాత్రి దీపము, గోడకు పట్టుకమ్మి, చేతికర్ర, వ్యాయామ చికిత్స అవసరము. మానిన మాత్రకు బదులుగా మద్యమును ఆశ్రయించడము మరింత ప్రమాదకరము.

ఆల్ప్రజోలామ్, డయజిపామ్, నైట్రజిపామ్, జోల్పిడెమ్ 2014 మార్చి 1 నుంచి అమలులోనికి వచ్చిన హెచ్ 1 పట్టికలో ఉన్నాయి. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మిన వివరములను దుకాణదారు మూడేళ్ళు భద్రపరచాలి. అయినా నలిగిన పాత చీటీపై ఏళ్ళ తరబడి మాత్రలు కొంటున్నవారు మన చుట్టూ ఉన్నారు.

పెద్దవారున్న ప్రతి ఇంటిలోను వారి మందుల జాబితాను ఒక కాగితముపై వ్రాసి ఉంచండి. అందులో నిద్రమాత్ర పేరు, మోతాదు, ఎన్నేళ్ళుగా వాడుతున్నారన్నది తప్పక చేర్చండి. మానివేసిన మందును కూడా, మానిన తేదీతో సహా వ్రాయండి. ఆసుపత్రికి వెళ్ళినపుడు ఆ కాగితమును వైద్యుని చేతికి ఇవ్వండి.