శాప్ ఓపెన్ ఎక్కడికి పోయింది?

2025 ఏప్రిల్‌లో ఆఫీసు పని మీద రెండు వారాలు కాలిఫోర్నియా వెళ్తున్నానని చెబితే, టెక్సస్‌లో ఉండే మా బాబాయ్ ఒకే ఒక్కటి అడిగాడు. "ఒరేయ్, శాన్ హోసేలో డిరిడాన్ స్టేషన్ ఎదురుగా ఒక స్టేడియం ఉంటుంది. హెచ్‌పీ పెవిలియన్. దాని ఫొటో ఒకటి తీసి పంపు."

గోల్డెన్ గేట్ బ్రిడ్జి ముందు సెల్ఫీ అడుగుతారు, యాపిల్ ఆఫీసు ముందు ఫొటో అడుగుతారు. హాకీ స్టేడియం ఫొటో అడిగినవాళ్ళని నేను చూళ్ళేదు. శనివారం పని లేదు. సన్నీవేల్‌లో కాల్‌ట్రెయిన్ ఎక్కి డిరిడాన్‌లో దిగా. స్టేషన్ బయటికొచ్చి చూస్తే నిజంగానే ఎదురుగా పెద్ద స్టీలు రంగు బిల్డింగు. పేరు మాత్రం హెచ్‌పీ పెవిలియన్ కాదు, శాప్ సెంటర్. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టా. నిమిషంలో రిప్లై: "ఇది కాదురా. హెచ్‌పీ అని రాసుంటుంది చూడు."

అదే బిల్డింగు బాబాయ్. పేరు మారింది, అంతే.

ఆ పేరు ఎన్నిసార్లు మారిందో అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో చూశా. 1993లో తెరిచినప్పుడు శాన్ హోసే అరీనా. 2001లో కాంపాక్ సెంటర్. మరుసటి ఏడాది కాంపాక్‌ని హెచ్‌పీ కొనేసింది కాబట్టి హెచ్‌పీ పెవిలియన్. 2013లో శాప్ సెంటర్. అంటే ఒక బోర్డు చూస్తే చాలు, ఆ టైములో సిలికాన్ వ్యాలీలో ఎవరు ఎవర్ని మింగారో తెలిసిపోతుంది.

లోపల ఆడేది హాకీ. శాన్ హోసే షార్క్స్ జట్టు సొంత గ్రౌండ్, పదిహేడు వేల మందికి పైగా పడతారు. కానీ బాబాయ్‌కి హాకీ తెలీదు. ఆయన అడిగింది ఏటా ఫిబ్రవరిలో ఇదే కప్పు కింద ఒక వారం పాటు జరిగిన టెన్నిస్ టోర్నీ గురించి. చివరి రోజుల్లో దాని పేరు శాప్ ఓపెన్. మన అమీర్‌పేట ఉచ్చారణలో 'శాప్'. "పేరులోనే శాపం ఉంది కదరా, ఎలా బాగుపడుతుంది" అంటాడు బాబాయ్. బిల్డింగు చుట్టూ ఒక రౌండు వేశా. నాకు కనిపించినంత మేర ఆ టోర్నీ గుర్తు ఒక్కటీ లేదు. అన్నీ షార్క్ బొమ్మలే.

ఇదేదో కంపెనీ వాళ్ళు పబ్లిసిటీ కోసం పెట్టిన టోర్నీ అనుకున్నా. కాదు. 1889లో మాంటెరీ దగ్గర డెల్ మాంటేలో పసిఫిక్ కోస్ట్ చాంపియన్‌షిప్స్ అని మొదలైంది. అమెరికాలో ఇప్పటి యూఎస్ ఓపెన్ (1881) తర్వాత అంత పాత మగాళ్ళ టోర్నీ ఇదేనని చెబుతారు. చాలా ఏళ్ళు బర్క్‌లీ టెన్నిస్ క్లబ్బులో ఎండలో ఆడారు. 1970లో బ్యారీ మెకే అనే మాజీ డేవిస్ కప్ ఆటగాడు నిర్వహణ తీసుకున్నాడు. ఆయన చేతుల్లోనే అది గోడల మధ్యకి, శాన్ ఫ్రాన్సిస్కో పక్కనున్న కౌ ప్యాలెస్‌కి చేరింది. పేరు చూసి నవ్వకండి, ఆ హాలు నిజంగా పశువుల ప్రదర్శనల కోసమే కట్టింది. బీటిల్స్ పాడిందీ అందులోనే, మెకన్రో అరిచిందీ అందులోనే. మైకేల్ చాంగ్ 1988లో తన మొదటి టైటిల్ గెలిచింది కూడా ఈ టోర్నీలోనే. అప్పటికి అతనికి 16 ఏళ్ళు, మనవాళ్ళయితే ఎంసెట్ కోచింగ్‌లో ఉండే వయసు.

1994లో శాన్ హోసే వచ్చింది. హాకీ బిల్డింగులో టెన్నిస్ ఎలా అంటారా? ఇలాంటి చోట్ల కింద ఐస్ అలాగే ఉంచి, మీద చలి పైకి రాకుండా పలకలు పరిచి, వాటి మీద కోర్టు వేస్తారు. గాలి లేదు, ఎండ లేదు. సర్వీసుకి బంతి పైకి విసిరితే ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్తుంది. అందుకే ఇండోర్ అంటే గట్టిగా సర్వ్ చేసేవాళ్ళకి పండగ. 1996 ఫైనల్లో సంప్రాస్ అగస్సీని కొట్టాడు, 1998లో అగస్సీ సంప్రాస్‌ని కొట్టాడు. ప్రపంచంలో ఆ ఇద్దరి మ్యాచ్ కోసం జనం ఎగబడుతున్న రోజుల్లో శాన్ హోసే వాళ్ళకి అది ఇంటి పక్కనే.

ఇంకో ఏడాది గురించి కచ్చితంగా చెప్పాలి. 2006. స్కాట్లాండ్ నుంచి వచ్చిన 18 ఏళ్ళ ఆండీ ముర్రే సెమీస్‌లో రాడిక్‌ని, ఫైనల్లో హెవిట్‌ని ఓడించి జీవితంలో మొదటి ఏటీపీ టైటిల్ ఎత్తాడు. ఓడిన ఇద్దరూ ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్‌లు. అదే వారం డబుల్స్ గెలిచిందెవరో తెలుసా? జాన్ మెకన్రో, యోనాస్ బ్యోర్క్‌మన్‌తో కలిసి. మెకన్రోకి అప్పటికి 47 ఏళ్ళు నిండి మూడు రోజులో ఎన్నో. ఈ టోర్నీ సింగిల్స్‌ని ఐదుసార్లు గెలిచినవాడు, కౌ ప్యాలెస్ రోజుల మనిషి, ముర్రే పుట్టకముందే ఇక్కడ కప్పులు ఎత్తినవాడు. ఒక కంపెనీలో రిటైరైన ఆర్కిటెక్ట్, కొత్తగా చేరిన ఫ్రెషర్ ఒకే రిలీజ్‌లో కోడ్ పెట్టినట్టు.

ఇక స్పాన్సర్ల సంగతి. శాన్ హోసే వచ్చాక ఈ టోర్నీ పేర్లు వరసగా సైబేస్ ఓపెన్, సీబెల్ ఓపెన్, శాప్ ఓపెన్. మీ ఇంట్లో 2000 ప్రాంతంలో అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న మామయ్యో బాబాయో ఉంటే ఈ మూడు పేర్లూ వాళ్ళకి చదివి వినిపించండి. మైత్రీవనం ముందు వేలాడిన బోర్డులు చదివినట్టే ఉంటుంది. సైబేస్ డేటాబేస్, సీబెల్ సీఆర్‌ఎం, శాప్ ఏబ్యాప్. సీబెల్‌ని 2006లో ఒరాకిల్ కలిపేసుకుంది. సైబేస్‌ని 2010లో శాప్ కొంది. అంటే ఒక టోర్నీకి మూడు పేర్లు పెట్టిన మూడు కంపెనీల్లో ఇవాళ సొంత పేరుతో మిగిలింది ఒక్కటే.

మా బాబాయ్ ఆ బోర్డుల బాపతే. తెనాలిలో డిగ్రీ, అమీర్‌పేటలో సీబెల్, 2004లో శాన్ హోసే. టెన్నిస్ మీద ప్రేమేమీ లేదు. 2009లో పక్క సీటు కొలీగ్ బలవంతం మీద ఆఖరి రెండు రోజులకి టికెట్లు కొన్నాడు. కొన్న పది రోజులకి ఉద్యోగం పోయింది. ఆ ఏడాది గుర్తుందిగా, అందరివీ పోతున్నాయి. వీసా ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది కాబట్టి జీతంతో పాటు దేశంలో ఉండే హక్కు కూడా ఊగడం మొదలైంది. పిన్నికి అప్పుడు ఏడో నెల.

"టికెట్లు అమ్మేద్దాం అనుకున్నా. మీ పిన్నే వెళ్ళమంది. ఇంట్లో కూర్చుని మెయిల్ రిఫ్రెష్ చేస్తుంటే చూడలేకపోతున్నా, పో అంది."

వెళ్తే డబుల్స్ ఫైనల్లో రోహన్ బోపన్న. కూర్గ్ మనిషి, కానీ అమెరికాలో ఉన్నప్పుడు కూర్గ్ కూడా మన పక్క ఊరే. ఫిన్లాండ్ ఆటగాడు నీమినెన్‌తో కలిసి ఆడాడు. అవతల టామీ హాస్, రాడెక్ స్టెపానెక్. బాబాయ్‌కి స్కోరు గుర్తులేదు, ఓడిపోయారని గుర్తుంది. నేను చూశా, 6-2, 6-3. స్టెపానెక్ ఆ ఏడాది సింగిల్స్ కూడా గెలిచాడు. "మనోడు ఓడిపోయాడు కానీ ఆ రెండు గంటలూ వీసా సంగతి గుర్తు రాలేదు" అన్నాడు. ఆట గంటే జరిగిందేమో, ఆయనకి రెండు గంటలు. నేనేం దిద్దలేదు.

తర్వాతి నెలలో డాలస్‌లో ఉద్యోగం దొరికింది. సామాను కారులో వేసుకుని వెళ్ళిపోయారు. అప్పట్నుంచి శాన్ హోసే మళ్ళీ చూళ్ళేదు.

టోర్నీకి ఆ తర్వాత నాలుగేళ్ళే ఆయుష్షు. మిలోస్ రావ్‌నిచ్ 2011, 12, 13 వరసగా మూడేళ్ళు గెలిచాడు. 2013 ఫిబ్రవరి 17న టామీ హాస్‌ని 6-4, 6-3తో ఓడించాక లైట్లు ఆర్పేశారు. 1889లో మొదలైన లెక్క అక్కడ ఆగింది. అసలు వింత ఏంటంటే, శాప్ ఓపెన్ ఆగిన కొన్ని నెలలకే ఆ బిల్డింగుకి శాప్ సెంటర్ అని పేరు పెట్టారు. శాప్ స్థాపకుల్లో ఒకరైన హాసో ప్లాట్నర్ ఆ ఏడాదే షార్క్స్‌కి ప్రధాన యజమాని అయ్యాడు. పేరు గోడెక్కింది, ఆట గుమ్మం దిగింది.

ఎందుకు ఆగిందో అర్థం కావాలంటే టెన్నిస్ టోర్నీ అంటే ఏంటో తెలియాలి. నేను స్టేడియం, కప్పు, ఊరు అనుకునేవాణ్ణి. వ్యాపారంగా చూస్తే అది క్యాలెండర్‌లో ఒక వారం. ఆ వారంలో ఫలానా స్థాయి టోర్నీ పెట్టుకునే హక్కు ఏటీపీ ఇస్తుంది. 250 అంటే గెలిచినవాడికి 250 పాయింట్లు, 500 అంటే 500. ప్రైవేటు బస్సు పర్మిట్ లాంటిదన్నమాట. బస్సు మారొచ్చు, రూటు మారొచ్చు, పర్మిట్ అమ్ముకోవచ్చు. షార్క్స్ యాజమాన్యం చేతిలో రెండు పర్మిట్లుండేవి: శాన్ హోసే 250, మెంఫిస్ 500. రెండూ ఫిబ్రవరిలోనే, రెండూ ఇండోర్ టోర్నీలే. మెంఫిస్ 500ని బ్రెజిల్ వాళ్ళు కొనుక్కుని 2014 నుంచి రియో ఓపెన్ పెట్టారు. ఖాళీ అయిన మెంఫిస్‌కి శాన్ హోసే 250ని పంపేశారు. శాన్ హోసేకి మిగిలింది సున్నా.

దీన్ని కుట్రలా చెప్పను. అగస్సీ, సంప్రాస్ వెళ్ళిపోయారు, 2012లో రాడిక్ కూడా రిటైరయ్యాడు. ఫిబ్రవరిలో పెద్దవాళ్ళు యూరప్‌లో రాటర్‌డామ్‌కో, దక్షిణ అమెరికా మట్టి కోర్టులకో పోతున్నారు. ఫిలడెల్ఫియాలో పేరున్న ఇండోర్ టోర్నీ 1998లోనే మూతపడింది. అయినా నాకు బాధనిపించేది ఒకటుంది. ప్రపంచానికి డేటా దాచిపెట్టడం నేర్పిన ఊరు, తన దగ్గర పుట్టిన నూట పాతికేళ్ళ రికార్డుని ఒక స్లాటుగా చూసి వదిలేసింది. ఊళ్ళో డబ్బు లేక కాదు కదా! మనమేదో గొప్పని కాదు, 2005 ఫిబ్రవరిలో సానియా గెలిచిన హైదరాబాద్ ఓపెన్ కూడా ఇప్పుడు లేదు.

కథ అయిపోయిందనుకుని ట్రెయినెక్కా. దార్లో ఊరికే, ఆ పర్మిట్ ఇప్పుడెక్కడుందో చూద్దామని వెతికా. మెంఫిస్‌లో 2017 దాకా. 2018లో న్యూయార్క్ ఓపెన్ అని లాంగ్ ఐలాండ్‌లోని నాసో కొలీజియంకి వెళ్ళింది, అక్కడ కోర్టుకి నల్ల రంగు వేశారు. మూడేళ్ళు ఆడాక కోవిడ్. 2022లో డాలస్‌కి, అక్కడ ఒక యూనివర్సిటీ ఇండోర్ కోర్టులకి. 2025లో 500 స్థాయికి పెంచి, డాలస్ పక్క ఊళ్ళో ఫోర్డ్ సెంటర్‌కి మార్చారు.

ఆ పక్క ఊరు పేరు ఫ్రిస్కో.

మా బాబాయ్ ఉండేది ఫ్రిస్కోలో.

వెనక్కొచ్చేటప్పుడు డాలస్‌లో రెండ్రోజులు ఆగేలా టికెట్ మార్చుకున్నా. ఫ్రిస్కో సంగతి మీకు తెలిసిందే. కార్యసిద్ధి హనుమాన్ గుడిలో శనివారం చెప్పుల దగ్గర తెలుగు తప్ప ఇంకోటి వినపడదు. ఫోర్డ్ సెంటర్ డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు చేసే చోటు, పన్నెండు వేల సీట్ల ఇండోర్ స్టేడియం. ఊళ్ళో హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచులు కూడా అందులోనే. బాబాయ్ కూతురు, అప్పుడు పిన్ని కడుపులో ఉన్నది, ఇప్పుడు హైస్కూలు. స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. దాన్ని దింపడానికి బాబాయ్ ఆ పార్కింగుకి ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు.

అదే పార్కింగులో కారాపించి మొత్తం చెప్పా. రికార్డు పుస్తకాల్లో ఇవన్నీ వేరు వేరు టోర్నీలే, కానీ పర్మిట్ మాత్రం నువ్వు చూసిన టోర్నీదే బాబాయ్, మెంఫిస్, న్యూయార్క్ తిరిగి ఇక్కడికొచ్చింది అన్నా.

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆ బిల్డింగు వంకే చూశాడు.

"నేను మూడ్రోజుల్లో వచ్చా. దానికి పదహారేళ్ళు పట్టింది" అన్నాడు. తర్వాత, "ఫిబ్రవరిలో జరిగిందా ఇక్కడ? మరి నాకెవరూ చెప్పలేదేంట్రా?"

ఇంటికెళ్ళాక పాత వీసా కాగితాల ఫైలు తీశాడు. ఐ-797లు, పే స్లిప్పుల మధ్య ప్లాస్టిక్ కవర్లో టికెట్టు ముక్క ఉంది. ఇంకు చాలావరకు ఎగిరిపోయింది. హెచ్‌పీ పెవిలియన్ అన్నది మాత్రం చదవొచ్చు. పిన్ని వంటింట్లోంచి తొంగి చూసి, "దాన్ని ఇంకా దాచారా? ఆ రోజు పార్కింగుకి ఇరవై డాలర్లు తగలేశారు, అది రాసుందా అందులో?" అంది.

బాబాయ్ అప్పటికే ఫోన్ తీసి, వచ్చే ఫిబ్రవరికి టికెట్లు ఎప్పుడు పెడతారో వెతుకుతున్నాడు.