దంత్య చకారం

ముప్ఫై ఏళ్ళపాటు భీమడోలు పిల్లలకి ఒకటే మాట నూరిపోశాను. ఒరే, చకారాలు రెండురా! "చేప"లోది తాలవ్యం, నాలిక అంగిటికి తగలాలి. "చాప"లోది దంత్యం, నాలిక పళ్ళని ముట్టుకోవాలి. కొల్లేటి పక్క పిల్లలకి చేప గురించి నేను చెప్పేదేముంది? చాప గురించే నా తాపత్రయమంతా.

అలాంటి నాకు అరవై ఎనిమిదో ఏట చాప కాస్తా సాప అయి కూచుంది. చక్కెర జబ్బుకి చిగుళ్ళు వదులై పళ్ళు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకున్నాయి. మొండికేసిన ఆరింటినీ డాక్టరుగారు పంపించేశారు. చిగుళ్ళు ఆరేదాకా మూడు నెలలు ఆగమన్నారు.

తరువాత ఏలూరు దగ్గర దుగ్గిరాల సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాలకి అయిదుసార్లు బస్సెక్కాను. మొదటి రోజు నోట్లో ముద్ద కుక్కి అచ్చు తీశారు. ఆ సరుకు సముద్రపు నాచునుంచి వస్తుందిట. తరువాత మైనంతో దవడల కొలత, మైనంలోనే పళ్ళు గుచ్చి ఒక రిహార్సలు, ఆఖరికి గులాబిరంగు ఆక్రిలిక్ సెట్టు.

ఆ వసారాలో కూచుని నా మనవరాలి వయసు డాక్టరమ్మ దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఇది. పై సెట్టు నిలబడేది ఉమ్మి తడివల్ల. తడిసిన రెండు గాజుపలకలు అంటుకున్నట్టన్నమాట. కింది సెట్టుకి ఆ వైశాల్యం లేదు, పైగా నాలిక ఊరికే ఎగదోస్తుంది. పన్ను పోయినచోట ఎముక కూడా ఏటేటా అరుగుతుంది గనక ఇవాళ బిగువుగా ఉన్నది కొన్నేళ్ళకి లూజవుతుంది. "జార్జి వాషింగ్టన్ మీకంటే ఎక్కువ అవస్థ పడ్డాడు తాతగారూ" అంది. 1789లో ఆయన అధ్యక్షుడయ్యేనాటికి మిగిలింది ఒకే పన్నుట! కట్టుడు పళ్ళు చెక్కవంటారు గాని, కాదుట. నీటిగుర్రం దంతం, సీసం, మనుషుల పళ్ళూ కలిపి చేశారుట. నయం, నాది ఉత్త ప్లాస్టిక్కు.

సెట్టు వచ్చిన పదోరోజున ద్వారకా తిరుమలలో పాత శిష్యుడి కూతురి పెళ్ళి. "మాస్టారూ, నాలుగు మాటలు" అని మైకు చేతికిచ్చాడు. నిండు సభ. "చల్లగా" అన్నాను. అంతే! కింది సెట్టు నాకంటే ముందు లేచి నుంచుంది. చెయ్యి అడ్డం పెట్టుకుని అక్షింతలు వేసి దిగిపోయాను. ముందు వరుసలో కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళని అనుకుని ఏం లాభం?

మర్నాటినుంచి సాధన మొదలు. పొద్దున్నే వీధరుగుమీద నేను "చలి, చుట్టం, చొక్కా" అని గట్టిగా చదవడం, లోపలినుంచి మా ఆవిడ "ఇంకా ఈల వస్తోందండీ" అని దిద్దడం. నెల తిరిగేసరికి ఈల పోయింది.

ఆ సంబరంలో సంతనుంచి తేగలు తెచ్చాను. ఆవిడ పెచ్చు వొలిచి, చీల్చి, తేగ నాకిచ్చి, మధ్యలో చందమామ తను నోట్లో వేసుకుంది. ఇది కొత్తేం కాదు. అమ్మకి చందమామ పిచ్చి అని పిల్లలు ఏళ్ళ తరబడి ఆటపట్టించేవారు. కాని మూడు నెలలు బోసినోటితో గడిపినవాణ్ణి కదా, ఆ మెత్తటి ముక్క సంగతి నాకిప్పుడు తెలుసు. ఆ మూడు నెలలూ నాకోసం కూరలు మెత్తగా వండుతోందనుకున్నాను. వంట అంతకుముందూ అలాగే ఉండేదని అప్పుడు తట్టింది.

"ఏదీ, నోరు తెరూ" అన్నాను.

"చాల్లెండి" అంది. చివరికి తెరిచింది. ముందు పళ్ళు దివ్యంగా ఉన్నాయి, అందుకే నవ్వితే ఎవరికీ తెలియలేదు. వెనక రెండు పక్కలా దవడపళ్ళు ఒక్కటి లేదు.

"ఎప్పట్నుంచే?"

"పెద్దమ్మాయి రెండో పురుడప్పటికే పోయాయిగా. నాకెందుకండీ పళ్ళు? నేనేమన్నా పాఠాలు చెప్పాలా?"

ఆ మనవడిప్పుడు తొమ్మిదో తరగతి.

సోమవారం ఏలూరు వెళుతున్నాం. 2025 ఆగస్టునుంచి మన బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు గనక, ఖర్చు నా టిక్కెట్టొక్కటే అని నచ్చచెప్పాను. రాత్రి దీపం ఆర్పాక అడిగింది: "ఏవండీ, ఆ ముద్ద చేదుగా ఉంటుందా?"