నీళ్లు తాగమ్మా అనడం తేలిక

మూత్రం మంటతో మొదటిసారి వచ్చినవాళ్లెవరో, ఐదోసారి వచ్చినవాళ్లెవరో కుర్చీలో కూర్చునే తీరులోనే తెలిసిపోతుంది. మొదటిసారైతే సిగ్గుపడుతూ, గొంతు తగ్గించి, పక్కనున్న భర్త వంక ఒకసారి చూసి మొదలుపెడతారు. ఐదోసారికి ఆ సిగ్గు పోయి ఉంటుంది. కవర్లోంచి పాత రిపోర్టులు, సగం వాడి వదిలేసిన మందుల షీట్లు టేబుల్ మీద పరిచి, "ఇవన్నీ అయిపోయాయి మేడం. అసలు మళ్లీ రాకుండా ఏం తినాలో చెప్పండి" అంటారు.

ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్ కింద లెక్కగడతాం. చాలామందిలో కారణం ఈ-కోలై అనే బ్యాక్టీరియా. అది మన పేగుల్లోనే కాపురం ఉంటుంది. ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే గొట్టం పొడవు నాలుగు సెంటీమీటర్లకు మించదు కాబట్టి, పైకెక్కి మూత్రాశయంలో చేరడం దానికి పెద్ద పనేం కాదు. "నీకు శుభ్రం లేకే వచ్చింది" అని అత్తగారో, ఒక్కోసారి డాక్టరో అన్న మాటను ఏళ్ల తరబడి మోస్తూ తిరిగేవాళ్లను చూస్తుంటాను. అది వాళ్ల తప్పు కాదని చెప్పాకే తిండి సంగతికి వస్తాను.

పోయిన వేసవిలో ఒకమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఊళ్లో పెద్ద బట్టల షాపులో చీరల సెక్షన్. ఏడాదిలో నాలుగుసార్లు మంట, పొత్తికడుపు నొప్పి, చుక్కలు చుక్కలుగా మూత్రం. ప్రతిసారీ మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లలు మూడు కొనుక్కుని వేసుకుంది. నాలుగోసారి ఆ బిళ్లకు మంట తగ్గలేదు. కల్చర్ చేయిస్తే ఈ-కోలైయే, కాకపోతే సిప్రోకు లొంగని రకం. నైట్రోఫ్యూరంటాయిన్‌కు లొంగింది, ఐదు రోజుల్లో తేలికపడింది. ఆ తర్వాత ఆమె కూడా ఏం తినాలనే అడిగింది. ఎవరో చెప్పారని క్రాన్‌బెర్రీ బిళ్లలు అప్పటికే ఒక నెల వాడింది. ఆమెకొచ్చే జీతంలో అది చిన్న ఖర్చు కాదు.

"రోజుకు నీళ్లెన్ని తాగుతావమ్మా?" అన్నాను. బ్యాగులోంచి అరలీటరు సీసా తీసి చూపించింది. పొద్దున తొమ్మిదిన్నరకు నింపుకున్నది. సాయంత్రం ఆరు దాటి నా దగ్గరికొచ్చేసరికి సగం అలాగే ఉంది. బయట రోహిణీ కార్తె ఎండ. దాహం వేయదా అంటే, "వేస్తుందండీ. కానీ తాగితే వెళ్లాలి కదా" అంది. షాపు నాలుగంతస్తులు. సిబ్బందికి బాత్రూం కింద సెల్లార్లో ఒక్కటే. కౌంటర్ వదలాలంటే ఫ్లోర్ సూపర్‌వైజర్‌ను అడగాలి. ఆయన మగాయన. చీర విప్పి చూపిస్తున్నప్పుడు వెళ్తానంటే బేరం పోయిందంటాడు. అందుకని డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున్నుంచే నీళ్లు ముట్టుకోదు. అక్కడ పనిచేసే అమ్మాయిలందరూ అంతేనట.

నీళ్ల సంగతి అందరూ చెప్పేదే అయినా, దానికి గట్టి రుజువు ఆలస్యంగానే దొరికింది. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో, రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగే అలవాటున్న, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. బల్గేరియాలో చేశారు. సగం మందిని రోజూ ఇంకో లీటరున్నర అదనంగా తాగమన్నారు, మిగతావాళ్లను వాళ్ల అలవాటుకే వదిలేశారు. ఏడాది గడిచేసరికి అదనంగా తాగినవాళ్లకు సగటున 1.7 సార్లు, తాగనివాళ్లకు 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఖర్చుపెట్టింది సీసా నీళ్లు అమ్ముకునే కంపెనీ అనేది గుర్తుంచుకోవాల్సిందే. అయినా ఇంత చవకైన మందుకు ఇంత ఫలితం నేను ఇంకెక్కడా చూడలేదు. అదీ చల్లటి దేశంలో. మా గుంటూరులో మే నెలలో చెమటకే లీటర్లు పోతాయి.

ఆ అమ్మాయికి రెండు చీటీలు రాశాను. మొదటిది ఆమెకు: పొద్దున టిఫిన్‌తో ఒక అరలీటరు, మధ్యాహ్నం భోజనంతో ఒకటి, ఇంటికెళ్లాక ఒకటి. ఇవి మామూలుగా తాగేదానికి అదనం. రెండోది షాపువాళ్లకు, ఇంగ్లీషులో, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద: వైద్య కారణాల వల్ల ఈమెను ప్రతి మూడు గంటలకు ఒకసారి బాత్రూంకి పంపాలి. తెలుగులో రాస్తే ఆ సూపర్‌వైజర్‌కు అంత బరువుగా కనిపించదని ఆమే చెప్పింది. మందులతోపాటు ఇలాంటి లెటర్లు రాయడం ఇప్పుడు నా ప్రాక్టీసులో భాగమైపోయింది. బస్సు కండక్టర్లు, కానిస్టేబుళ్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే ఆడవాళ్లు, వీళ్లందరిదీ ఒకటే కథ. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు కోళికోడ్‌లో మొదలుపెట్టి, బాత్రూం కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో చట్టమే మారింది. వాళ్ల డిమాండ్లలో డాక్టరు రాయాల్సిన చీటీ సగం ఉంది. నీళ్లు తాగమని చెప్పి, తాగిన నీళ్లు ఎక్కడ వదలాలో అడగకుండా పంపేస్తే నేను చెప్పిందేమీ లేనట్టే.

గుండె బలహీనపడ్డవాళ్లకూ, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకూ ఈ నీళ్ల లెక్క వర్తించదు. వాళ్లు తమ డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. కిడ్నీ రోగులు చలవని కొబ్బరినీళ్లు తాగినా పొటాషియంతో ప్రమాదం.

చలవ అంటే గుర్తొచ్చింది. మన ఇళ్లల్లో మూత్రం మంటకు మొదటి నిర్ధారణ "వేడి చేసింది". మొదటి మందు బార్లీ నీళ్లు, రెండోది సబ్జా గింజలు, మూడోది పలచటి మజ్జిగ. ఇవి బ్యాక్టీరియాను చంపుతాయని రుజువేమీ లేదు. కానీ నేను ఒక్కదాన్నీ వద్దనను. ఉత్త నీళ్లు గొంతు దిగని మా పెద్దావిడలు బార్లీ కాచిన నీళ్లు చెంబెడు ఇట్టే తాగేస్తారు. నాక్కావలసింది ఆ చెంబెడు నీళ్లే. చక్కెర మాత్రం వేయొద్దంటాను.

గుంటూరులో కూర్చుని ప్రాక్టీసు చేస్తూ కారం గురించి మాట్లాడకుండా కుదరదు. "కారం మానేస్తే రాదా?" అని అడగని పేషెంటు లేదు. మూత్రాశయం ముందే ఒరిసి ఉన్నప్పుడు కారం, టీ, కాఫీ కొందరికి మంట పెంచుతాయి, నిజమే. ఇన్ఫెక్షన్‌ను మాత్రం కారం తేదు. మంట తగ్గేదాకా తగ్గించుకుని తర్వాత గోంగూరలో పండుమిరపకాయలు నూరుకోవచ్చు. అసలు ఈ ఊళ్లో కారం మానమని రాస్తే ఆ చీటీని ఎవరూ పాటించరు, మిగతా సలహాలూ దానితోపాటే పోతాయి.

దానికన్నా నన్ను ఇబ్బందిపెట్టేది మంటకు ఇచ్చే తియ్యటి సిట్రేట్ సిరప్. నీళ్లల్లో కలుపుకుని తాగితే కాసేపు హాయిగానే ఉంటుంది. అది మూత్రంలో ఆమ్లం తగ్గిస్తుంది. నైట్రోఫ్యూరంటాయిన్ బాగా పనిచేసేది ఆమ్లం ఉన్న మూత్రంలో. రెండూ ఒకే చీటీలో కనబడితే ముందు సిరప్ కొట్టేస్తాను.

ఇక క్రాన్‌బెర్రీ. అరవై మూడేళ్ల రిటైర్డ్ హెచ్.ఎం. ఒకావిడ, కొడుకు డల్లాస్‌లో. అమ్మకు ఏడాదిలో ఐదుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చిందని తెలిసి, వచ్చిపోయే ప్రతి ఒక్కరితోనూ డబ్బాలు పంపించాడు. ఆవిడ బ్యాగు విప్పితే క్రాన్‌బెర్రీ మాత్రలు, డి-మానోస్ పొడి, ప్రోబయాటిక్, ఇంత పెద్ద విటమిన్ సి డబ్బా. "వీటిలో ఏది వేసుకోవాలో, ఏది పారేయాలో తేల్చండమ్మా, వాడు ఫోన్ చేసి పీక్కు తింటున్నాడు" అంది.

క్రాన్‌బెర్రీ ఉత్తర అమెరికా పండు. అందులో ప్రోయాంథోసయనిడిన్లు అనే పదార్థాలుంటాయి. ఈ-కోలైకి ఒంటినిండా సన్నటి నూగులాంటి పోగులు. వాటితోనే అది మూత్రాశయం గోడను, ఉత్తరేణి గింజలు చీర కుచ్చెళ్లను పట్టుకున్నట్టు, పట్టుకుంటుంది. ఆ పట్టు దొరక్కుండా చేస్తే మూత్రంతోపాటు బయటికి పోతుందని లెక్క. చాలాకాలం ఇది కాగితం మీది లెక్కే. 2012లో కోక్రేన్ సంస్థ అన్ని అధ్యయనాలనూ కలిపి చూసి పెద్దగా లాభం లేదని తేల్చింది. 2023లో అదే సంస్థ 50 అధ్యయనాలను, దాదాపు తొమ్మిది వేల మందిని మళ్లీ లెక్కగట్టి మాట మార్చుకుంది: మాటిమాటికీ వచ్చే ఆడవాళ్లలో ముప్పు సుమారు 26 శాతం తగ్గుతోంది, పిల్లల్లో ఇంకా ఎక్కువే. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానివాళ్లకూ లాభం కనబడలేదు. అంటే నాలుగుసార్లు వచ్చే చోట మూడుసార్లు. డబ్బులుంటే వాడొచ్చు, లేకపోతే బెంగపడనక్కర్లేదు. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవాళ్లు అడక్కుండా మొదలుపెట్టకూడదు. సూపర్‌మార్కెట్లో ఎర్రగా మెరిసే జ్యూస్ డబ్బాలో మాత్రం పండు కంటే చక్కెరే ఎక్కువ.

ఆవిడ ఇంకో మాట అడిగింది. "మన వాక్కాయ కూడా క్రాన్‌బెర్రీయేనటగా? శ్రావణంలో పప్పులో వేస్తూనే ఉంటాం." బజార్లో కొందరు ఆ పేరుతోనే అమ్ముతారు, నిజమే. చూడ్డానికి ఎర్రగా, పుల్లగా ఉంటుందన్నంతవరకే పోలిక. వాక్కాయది గన్నేరు కుటుంబం, క్రాన్‌బెర్రీ పూర్తిగా వేరే కుటుంబం. వాక్కాయ పప్పు కమ్మగా ఉంటుంది కాబట్టి వండుకోమన్నాను, మూత్రం కోసమని కాదు.

డి-మానోస్ మీద కొన్నాళ్లు నాకూ ఆశ ఉండేది. 2014లో క్రొయేషియా అధ్యయనం ఒకటి అంత బాగా వచ్చింది. 2024లో బ్రిటన్‌లో 598 మంది మీద, ఎవరికి అసలుది ఇచ్చారో ఎవరికి ఉత్త పొడి ఇచ్చారో ఎవరికీ తెలియకుండా ఆరు నెలలు చేసి చూస్తే, వాడినవాళ్లలో 51 శాతానికీ, వాడనివాళ్లలో 55.7 శాతానికీ ఇన్ఫెక్షన్ అనుమానంతో మళ్లీ వైద్యం అవసరమైంది. తేడా అని చెప్పుకోదగ్గది కాదు. ఆ డబ్బా పక్కన పెట్టించాను. విటమిన్ సి కూడా అంతే. ప్రోబయాటిక్ వాడితే నష్టం లేదు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఎలాగూ ఉంది.

ఆవిడకు నిజంగా కావలసింది ఆ సంచిలో లేదు. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి యోని లోపలి పొర పలచబడుతుంది, అక్కడ కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా పోయి ఈ-కోలై చేరుతుంది. 1993లోనే ఇజ్రాయెల్‌లో 93 మంది మీద చేసిన అధ్యయనంలో ఈస్ట్రియాల్ క్రీము వాడినవాళ్లకు ఏడాదికి సగటున 0.5 సార్లు, వాడనివాళ్లకు 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఈ క్రీము పేరు చాలామంది పేషెంట్లు విననే లేదు. ఆ వయసులో అక్కడ క్రీమేమిటని ఆవిడ మొహం ఎర్రబడింది. కొడుక్కి ఏం చెప్పాలన్నది ఆవిడకు ఇంకా పెద్ద సమస్య. "హార్మోన్ అని చెప్పండి, ఎక్కడ రాస్తారో వాడికెందుకు" అన్నాను. మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండు రాత్రులు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం తమ క్యాన్సర్ డాక్టరును అడిగాకే. ఆ తర్వాత ఏడాదిలో ఆవిడకు ఒక్కసారే వచ్చింది. క్రాన్‌బెర్రీ మాత్రలు కూడా వేసుకుంటూనే ఉంది, కొడుకు మనసు కష్టపెట్టడం ఇష్టంలేక.

మూత్రం మంట అన్నదల్లా ఇన్ఫెక్షన్ కాదు. యాభై ఏళ్ల షుగరు పేషెంటు ఒకామె మూడు రకాల యాంటీబయాటిక్స్ మార్చి నా దగ్గరికొచ్చింది. మంట ఎప్పుడమ్మా అంటే, "ఒంటికి వెళ్లేటప్పుడు బయట మండుతుందండీ, లోపల కాదు. దురద కూడా" అంది. పరీక్ష చేస్తే చర్మం ఎర్రగా పగిలి, పెరుగు తరకల్లాంటి తెల్లటి పొర. ఫంగస్. ఆమె వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి పంపించే మందు, 2020లో పేటెంట్ పోయాక చవకై ఇంటింటికీ చేరింది. మంచి మందే, కానీ ఈ ఇబ్బంది కొందరికి తప్పదు. వేసిన ప్రతి యాంటీబయాటిక్ ఫంగస్‌ను ఇంకా పెంచింది. ఫంగస్ మందు, రాత్రి పడుకునేముందు నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవడం, షుగరు డాక్టరుతో ఒక ఫోన్ కాల్. అంతటితో తీరింది. ఆమెకు ఆరు నెలలుగా క్రాన్‌బెర్రీ అమ్మినవాళ్లెవరూ ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంకో రకం రోగులు కాగితం మీద పుడతారు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో మూత్రం కల్చర్ చేస్తారు, బ్యాక్టీరియా వస్తుంది, మనిషికి ఏ బాధా ఉండదు. గర్భిణులకూ, మూత్రమార్గంలో ఆపరేషన్ కాబోయేవాళ్లకూ తప్ప దానికి మందు అక్కర్లేదు. పైగా 2012లో ఇటలీలో చూస్తే, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో ఇలా బాధ లేని బ్యాక్టీరియాకు మందు వేసినవాళ్లకే తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువొచ్చాయి. ఉన్నది తీసేస్తే ఖాళీ చోటులోకి అంతకంటే చెడ్డది చేరుతుంది. ఈ మాట ఒప్పించడం నాకు మందు రాయడం కంటే కష్టం.

నీళ్లు, క్రీము, క్రాన్‌బెర్రీ ఏవీ చాలనివాళ్లూ ఉంటారు. వాళ్లకు రాత్రిపూట చిన్న మోతాదు యాంటీబయాటిక్ ఉంది, దానికి దీటుగా నిలిచిన మెథినమిన్ అనే మందు ఉంది. రాళ్లున్నాయేమో, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందో లేదో స్కానింగ్‌లో చూడాలి. మగవాళ్లకు రెండోసారి వస్తే తిండి సలహాల దగ్గర ఆగకుండా నేరుగా యూరాలజిస్టు దగ్గరికి పంపుతాను.

ఈ ఎండాకాలంలోనే ఒకామెను రాత్రి పదకొండింటికి ఎమర్జెన్సీలో చూశాను. నాలుగు రోజులుగా బార్లీ నీళ్లు, పల్లేరు కషాయం. మూడో రోజుకు పళ్లు కటకటలాడే చలి, జ్వరం, కుడివైపు పక్కటెముకల కింద పోటు, వాంతులు. వేడి బాగా చేసిందనుకుని కషాయం మోతాదు పెంచారు. ఇన్ఫెక్షన్ అప్పటికే కిడ్నీకి పాకింది. ఐదు రోజులు సెలైన్, ఇంజక్షన్లు పెడితే గట్టెక్కింది. చలిజ్వరం, నడుం పక్క నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా, మంట ఉన్న మనిషి గర్భిణి అయినా, పైన చెప్పిన వంటింటి మందులన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి రావాలి. తెల్లారేదాకా కూడా చూడొద్దు.