జీపు తాగిన నీళ్ళు

మా వాడల కారు కొన్నోళ్ళల్ల నేను రెండోవాణ్ణి. మొదటాయన సింగరేణిల పన్జేసి రిటైరైన మా పెద్దనాయిన వరుసాయన. నాది కొత్తదేం కాదు. పదకొండేండ్ల పాత పెట్రోలు బండి, మూడు సిలిండర్లది. 2022ల లక్షా నలభై వేలకు తీసుకున్న. కంపెనీ పేరెందుకుగని, వరంగల్ల తిరిగే పాత బండ్లల్ల సగం గసొంటియే. 2019ల సర్కారు బడిల ఫిజికల్ సైన్సు సారుగ నౌకరొచ్చింది. బడి ములుగు తొవ్వల. మా ఇంట్ల డిగ్రీ దాకా చదివింది నేనే, బి.ఎడ్. చేసింది నేనే, స్టీరింగు పట్టింది గూడ నేనే. ఈ మూడిట్ల ఊరోళ్ళకు కండ్లు మండింది మూడోదానికే. చదువుకుంటే "సర్కారు చదివిచ్చింది" అన్నరు. నౌకరొస్తే "రిజర్వేషను" అన్నరు. కారు కొంటే ఏమనాల్నో తోచక, "మెయింటెనెన్సు చాన ఉంటది సారూ" అన్నరు.

వాళ్ళ నోటి పుణ్యాన 2024 ఏప్రిల్ల ఆత్మకూరు దాటినంక బండి కింద పచ్చనీళ్ళు కారినయి. ముల్లు పైకెక్కుడు చూసి ఆపిన. తాడు గట్టి హన్మకొండ దాకా గుంజుకపోయినం. షెడ్డుల ఉస్తాదు పనిమంతుడు, మాట మంచోడు. రేడియేటరు పలిగిందని కొత్తది ఏసిండు. పైపులు రెండు మార్చిండు. ఫ్యాను మోటరు గూడ కాలిందని పాత సామాన్ల దుకాణంల వేరే బండిది తెచ్చి బిగిచ్చిండు. ఆరువేల ఎనిమిదొందలు అయినయి.

అసలు తిప్పలు రిపేరైనంక మొదలైనయి.

ములుగు రోడ్డు మీద అరవైల పోతాంటె ముల్లు సగం కాడ కదలకుండ నిలబడతది. అదే వరంగల్లకు వొచ్చి ఎనుమాముల మార్కెట్ కాడ మిర్చి లారీల నడుమ ఇరుకున్నమంటే, అయిదు నిమిషాలల్ల ఎర్రగీతకు పోతది. ఏసీ ఏస్తే ఇంక జల్ది. ఉస్తాదు కాడికి పోతే గాలి పట్టిందన్నడు. అంటే నీళ్ళు తిరిగే తొవ్వల గాలిబుడుగ ఇరుక్కుని నీళ్ళను పోనియ్యదు. గాలి తీసిండు. మళ్ళ కాగింది. థర్మోస్టాటు పట్టేసిందని దాన్నే పీకేసిండు. మళ్ళ కాగింది. నీళ్ళ పంపు మార్చిండు, రెండువేల మూడొందలు. మళ్ళ కాగింది. ఆఖరుకు బానెట్ మీద చెయ్యేసి, "సార్, హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజన్ ఇప్పాలె. పదిహేను వేలు ఎటూ పోవు" అన్నడు. చూసినోళ్ళంత అమ్మెయ్యమన్నరు. మా ఇంటామె గూడ అదే మాటంది. నాకు మాత్రం అమ్మబుద్ధి కాలే. దానికి బండి మీది పావురం కారణం కాదు.

మా నాయిన చెయ్యి మీద ఒక మచ్చ ఉండె. కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు ముడుతలు పడి, అక్కడక్కడ తెల్లగ ఉండె. చిన్నప్పుడు నేను అది పుట్టుమచ్చ అనుకునేది. చదువు ఒంటబట్టినంక ఒకనాడు చెప్పిండు. నాయిన పన్నెండేండ్లకే దొర దగ్గర జీతం కుదిరిండు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976ల వొచ్చింది. నాయిన జీతం ఉన్నది ఆ తర్వాతనే. చట్టం మా ఊరికి నడిచి వొచ్చినట్టున్నది. దొరకు జీపు ఉండె. ఎండకాలం జీపు హన్మకొండ పోయొచ్చేసరికి కుతకుత ఉడుకుతుండె. దానికి నీళ్ళు పోసుడు నాయిన పని. ఎట్ల పోసుడు? బాయి గిలక నాయిన ముట్టద్దు. బాయికాడ వేరే జీతగాడు చేది నాయిన బకెట్ల ఎత్తిపోస్తడు. ఆ బకెటు తెచ్చి నాయిన జీపుల పోస్తడు. నాయినకు దూపయితే అదే బాయి కాడ వొంగి దోసిలి పట్టాలె. జీపుకు మాత్రం మూత తీసి నిండుగ పోసుడే. జీపు తాగిన నీళ్ళు ఏ బాయివో నాయిన తాగిన నీళ్ళు గూడ ఆ బాయివే. తాగిన తీరే వేరు.

ఒకనాడు దొర తొందరల ఉండి, ఇంజన్ బందు జేసిన క్షణమే మూత తియ్యమన్నడు. నాయిన "సల్లారనియ్యుండ్రి దొరా" అన్నడట. "నువ్వు నాకు చెప్తవారా" అన్నడు దొర. నాయిన గోనెపట్ట ఏసి తిప్పిండు.

రేడియేటరు మూత ఉత్త మూత కాదు. దాంట్ల స్ప్రింగు ఉంటది. లోపటి నీళ్ళను ఒత్తిడిల పెడతది. మామూలుగ నీళ్ళు 100 డిగ్రీల కాడ మరుగుతయి. బయటి గాలి కంటే ఇంకొక వాతావరణమంత ఒత్తిడి ఎక్కువ పెడితే 120 డిగ్రీల దాక మరుగవు. ప్రెషర్ కుక్కర్ల బియ్యం జల్ది ఉడికేది గిందుకే. గట్ల నూరు దాటి కాగిన నీళ్ళ మీంచి మూత ఒక్కసారి తీస్తే ఒత్తిడి పోతది, ఆ నీళ్ళల్ల కొంత ఆ క్షణమే ఆవిరై మీదికి ఎగజిమ్ముతది. నాయిన చేతి మీదికి వొచ్చింది గది. పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతది అని పుస్తకంల ఒక్క వాక్యం ఉంటది. నేను చెప్పేటప్పుడు ఆ వాక్యం కాడ ఆగుత. నాయిన ముచ్చట పిల్లలకు చెప్ప. కుక్కరు ముచ్చట చెప్త. గని మూత ముట్టద్దని మూడుసార్లు చెప్త.

అన్నలు ఊర్లకు వొచ్చినంక దొర హన్మకొండకు మకాం మార్చిండు. నాయిన ఎనుమాములల హమాలీ అయిండు. బస్తాలు మోసి నన్ను హాస్టల్ల చదివిచ్చిండు. 2016ల చనిపోయిండు. ఆయన జీవితంల జీపు సీటు మీద కూసున్నది లేదు. తుడిచిండు గంతే.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినప్పుడు నాకు ముందుగాల తట్టింది బండి ముచ్చట్లే. 1901ల చిన్నపిల్లలు మసూర్ స్టేషన్ల దిగితే, మహర్లని తెలిసినంక బండోడు ఎక్కించుకోడు. రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలితే, ఆయన పక్కన నడుస్తనన్నడు. రాత్రంతా తాగనీకి నీళ్ళు పుట్టలే. 1929ల చాలిస్‌గాఁవ్‌కు పోయినప్పుడు ఆయన పెద్ద బారిస్టరు. టాంగావాలా అంటరానోణ్ణి తోలనన్నడు. వాడోళ్ళే టాంగా కిరాయికి తీసుకుని, తోలుడు రానాయనతోని తోలిచ్చిన్రు. కల్వర్టు కాడ బోల్తాపడి అంబేద్కర్ కాలు విరిగింది. బండి ఎవడు తోలాలె, ఎవడు ఎక్కాలె, ఎవనికి నీళ్ళు దొరుకుతయి — ఇవి మూడు వేరువేరు ప్రశ్నలు కావని అప్పుడు అర్థమైంది.

ఆ మే నెలల అవ్వను ఎంజీఎంల చూపెట్టి ఊరికి తోల్కపోతున్న. ఊరి నడుమ బజార్ల, వడ్ల ట్రాక్టర్లు అడ్డం ఉండి బండి ఆగింది. ముల్లు ఎర్రకు పోయింది. పక్కకు తీసి, బానెట్ ఎత్తి నిలబడ్డ. ఎదురింటి పెద్దమనిషి గేటు కాడికొచ్చి, "ఏంది సారూ, కారుకు దూపైతున్నదా?" అన్నడు. మర్యాదగనే అన్నడు. మనిషిని పిలిచి ఇత్తడి బిందె నిండ నీళ్ళు తెప్పిచ్చిండు. నలభై నిమిషాలు సల్లారనిచ్చి పోసిన. అవ్వ సీట్ల కూసొని చెమటలు గక్కుతుంది. "అవ్వకు గిన్ని నీళ్ళియ్యుండ్రి" అన్న. వొచ్చినయి. పెండ్లిళ్ళల్ల తాగి పారేసే ప్లాస్టిక్ గిలాసల వొచ్చినయి. ఇయ్యాల అందరిండ్లల్ల గవే వాడుతున్నరు గదా అని మీరనొచ్చు. ఆయన మాత్రం స్టీలు చెంబుతోని తాగుకుంటనే మాతోని మాట్లాడిండు. అవ్వ నీళ్ళు తాగి, గిలాసను నలిపి, చీర కొంగుల కట్టుకున్నది. వాళ్ళ వాకిట్ల పారెయ్యలే.

గందుకే అమ్మలే. బండి ఎందుకు కాగుతుందో తెలుసుకోవాలనుకున్న. సామాను మార్చుకుంట పోతే ఎప్పుడో ఒకప్పుడు బాగైతది, గని రోగమేందో తెల్వది. ఇంజన్ల కాలే పెట్రోలు వేడిల సుమారు మూడో వంతు ఈ నీళ్ళే మోసి బయట పారెయ్యాలె. పారెయ్యకపోతే తప్పు మూడు తీర్లు. నీళ్ళు తిరుగకపోవాలె, తిరిగినా గాలికి వేడి ఇయ్యకపోవాలె, లేకుంటే ఇంజన్ లోపటి మంటే నీళ్ళల్ల కలవాలె. మూడోదే గ్యాస్కెట్. దాన్ని ఇంజన్ ఇప్పకుంటనే పట్టొచ్చు. పొద్దుగాల సల్లటి బండి మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్ళల్ల ఎడతెగకుండ బుడుగలు రావాలె. రాలే. నూనె పుల్ల గుంజి చూస్తే మజ్జిగ లెక్క తెల్లగ ఉండాలె. లేదు. పొగగొట్టంల తెల్లపొగ, నీళ్ళు తగ్గుడు, ఏదీ లేదు. పదిహేను వేలు అక్కడ మిగిలినయి.

థర్మోస్టాటు ముచ్చట వేరే. ఉస్తాదు పీకేసినదాన్ని అడిగి తెచ్చుకున్న. దాని మీద 82 అని గుద్ది ఉంది. బడి నుంచి థర్మామీటరు తెచ్చి, పొయ్యి మీద గిన్నెల నీళ్ళు పెట్టి, దారంతోని అందుల వేలాడదీసిన. అవ్వ వొచ్చి, "ఏం కూరరా అది?" అన్నది. 82 దాటినంక మెల్లగ నోరు తెరిసింది. మంచిగనే ఉంది. మన దిక్కు షెడ్లల్ల ఇది ఎండల దేశమని చెప్పి దాన్ని పీకేసుడు అలవాటు. పీకేస్తే ఇంజన్ కావల్సినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతది.

ఇగ నీళ్ళు. పైపైపు, కిందిపైపు ముట్టి చూస్తే రెండిట్ల వేడికి మనిషికి తెలిసేంత తేడా లేదు. నీళ్ళు తిరుగుతున్నయి, సల్లారుతలేవు. రేడియేటరు కొత్తది, చౌడు పట్టే బోరునీళ్ళు ఇంక దాంట్లకు పోలే. అంటే గాలి. గని ఫ్యాను తిరుగుతుంది. ఉస్తాదు చూసిండు, నేను చూసిన, చూసినోడల్లా తిరుగుతున్నదనే అన్నడు.

ఆదివారం ఇంటి ముందట బండి స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి చూస్తున్న. అవ్వ చేట పట్టుకుని ముందటికొచ్చి నిలబడ్డది. ఫ్యాను ఆన్ అయింది.

"గీ ఫ్యాను ఎందుకురా బిడ్డా?"

"ముందటి గాలిని లోపటికి గుంజుతదే అవ్వా. ఆ గాలికి నీళ్ళు సల్లారుతయి."

"లోపటికి గుంజితే మరి నా కాళ్ళకెందుకు కొడ్తాంది? ఉడుకుడుకు గాలి ఇటే వొస్తాంది."

అవ్వ నలభై ఏండ్లు పరాయోళ్ళ కల్లాలల్ల తూర్పార పట్టింది. గాలి ఎటు తిరిగిందో ఆమెకు చెంప చెప్తది. ఎదురుగాలికి నిలబడి పోస్తే తాలంత నోట్లెకే వొస్తది మరి. నేను బల్ల మీది కోరు కాయితం తెచ్చి బండి ముందటి జాలికి పెట్టిన. ఫ్యాను సరిగ తిరిగితే కాయితం జాలికి అతుక్కోవాలె. అది ఎగిరి వాకిట్ల పడ్డది. ఫ్యాను తిరుగుతున్నది, ఉల్టా తిరుగుతున్నది. ఇంజన్ మీది ఉడుకు గాలిని తెచ్చి రేడియేటరు మీద పోస్తున్నది.

బ్యాటరీ మోటరుకు రెండే వైర్లు. ప్లస్సు, మైనస్సు తారుమారైతే అది వెనుకకు తిరుగుతది. పదో తరగతిల విద్యుదయస్కాంతత్వం పాఠం అదే. మోటరు వేరే బండిది గనుక దాని వైర్ల రంగులు వేరే, టేపు చుట్టి అతికిచ్చిన్రు. టేపు ఇప్పి, వైర్లు మార్చి అతికిచ్చిన. కాయితం పెట్టిన. గుంజుకుని పట్టుకున్నది. అవ్వ, "ఇగ ఇటు వొస్తలేదు" అని చేట తీసుకుని లోపటికి పోయింది. థర్మోస్టాటు మళ్ళ బిగిచ్చి, బండి ముందటి చక్రాలు ఎత్తు మీద పెట్టి, మూత తీసి ఫ్యాను రెండుసార్లు ఆన్ అయిందాక నడిపి గాలి తీసిన. రోహిణి కార్తెల ఎనుమాముల కాడ ముప్పావుగంట నిలబడ్డం. ముల్లు సగం దాటలే.

ఉస్తాదుకు చెప్పిన. ఆయన ముందు నమ్మలే, తర్వాత పక్కనున్న పిలగాని మీద చెయ్యెత్తిండు. పద్నాలుగేండ్లుంటయో లేదో, వైర్లు అతికిచ్చింది వాడే. నేను అడ్డం పోయిన. "రంగు చూసి కలిపిండు ఉస్తాద్. పాత మోటరు రంగే వేరుంటే వాడేం జేస్తడు?" ఎత్తిన చెయ్యి దింపిండు. ఏ ఊరురా అంటే పిలగాడు మా దిక్కు పేరే చెప్పిండు. ఏ వాడ అని నేను అడుగలే. వాడే చెప్పిండు. ఎనిమిదిల బడి బందువెట్టిండట, వాళ్ళ నాయినకు పానం బాగలేక.

నేను బయలెల్లుతుంటే వెనుక వొచ్చిండు. "సార్, ఫ్యాను ఉల్టా ఉంటే హైవే మీద గూడ కాగాలె గద. ఎందుకు కాగలే?"

మా పదో తరగతిల గూడ ఈ ప్రశ్న ఎవ్వలు అడుగలే. చెప్పిన. అరవైల పోతాంటె ఎదురుగాలే తోసుకుని లోపటికి పోతది, నీళ్ళు సల్లారుతయి, ఫ్యాను ఆన్ అయ్యే వేడే రాదు. బండి ఆగినప్పుడే ఫ్యానుకు పని. ఫ్యాను ఉల్టా అయితే అప్పుడే కాగుతది. వాడు కొంచెంసేపు నోట్ల నోట్ల చెప్పుకున్నడు. నా జేబుల కాయితం అడిగి తీసుకుని, షెడ్డుల రేడియేటరు మార్చి పెట్టిన ఇంకో బండి స్టార్ట్ చేసి, ఫ్యాను తిరిగిందాక ఆగి, ముందటి జాలికి పెట్టిండు. అది అతుక్కున్నది.