ఇరవై నాలుగు కిలోల బిగువు

నా పని ఏమిటని ఊళ్ళో ఎవరన్నా అడిగితే మా బాపు "బ్యాట్లు అల్లుతడు" అంటాడు. అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను. టెన్నిస్ రాకెట్లకు తీగలు కట్టడం నా వృత్తి. మన దగ్గర దాన్ని గట్టింగ్ అంటారు. గట్ అంటే పేగు. ఒకప్పుడు ఈ తీగలు జంతువుల పేగులతో చేసేవాళ్ళు. ఇప్పుడు చాలావరకు పాలియెస్టరే గానీ, ఖరీదైన రకం ఇప్పటికీ ఆవు పేగు నుంచే వస్తుంది. ఆ సంగతి చెప్పిన రోజు బాపు చేతిలో ఉన్న రాకెట్‌ని మెల్లగా కింద పెట్టేశాడు.

మాది ఆర్మూర్ పక్కన జక్రాన్‌పల్లి. చుట్టూ పసుపు చేన్లు. నా ఈడువాళ్ళు చాలామంది గల్ఫ్ పోయారు. నేను హైదరాబాద్ దాకా పోయి ఆగాను. డిగ్రీ చదువుతూ ఒక స్పోర్ట్స్ షాపులో పనికి కుదిరి, మొదట బ్యాడ్మింటన్ బ్యాట్లకు, తర్వాత టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్ నేర్చుకున్నాను. 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచినప్పుడు నేను ఏడో తరగతి. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు అని పేపర్లో వేశారు. కల్లంలో పసుపు రాశి పక్కన కూర్చొని ఆ ఫోటో చూసిన గుర్తు. ఆ రాకెట్‌కి తీగలు ఎవరో కట్టి ఉంటారన్న ఆలోచన మాత్రం అప్పుడు రాలేదు.

పని చూడ్డానికి సులువే. ఒక్కో రాకెట్‌కి దాదాపు పన్నెండు మీటర్ల తీగ. ఎక్కువ రాకెట్లలో నిలువు పదహారు, అడ్డం పంతొమ్మిది. నిలువు తీగలను మెషీన్ ఒక్కొక్కటిగా లాగి పట్టుకుంటుంది. అడ్డం తీగను మాత్రం వేళ్ళతోనే ఒకదాని కింద నుంచి, ఇంకోదాని మీద నుంచి అల్లాలి. ఆటగాడు చీటీ మీద 24/23 అని రాసిస్తాడు. అంటే నిలువు ఇరవై నాలుగు కిలోలు, అడ్డం ఇరవై మూడు. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, అక్కడ బంతి ఎక్కువ దూరం పోతుంది. అందుకని కొందరు ఒక కిలో పెంచమంటారు. ఇంత లెక్క చూసి కట్టినా, మెషీన్ మీంచి తీసిన క్షణం నుంచే తీగ సడలడం మొదలవుతుంది. పాలియెస్టర్ మరీ త్వరగా. అందుకే మ్యాచ్‌కి ముందురాత్రో, ఆ పొద్దున్నో కట్టించుకుంటారు.

మన దేశంలో ఛాలెంజర్ టోర్నీలు ఎక్కువగా ఫిబ్రవరిలో వస్తాయి. చెన్నై, పుణె, బెంగళూరు, ఢిల్లీ. మా ఊళ్ళో పసుపు తవ్వేది, ఉడకబెట్టేది, ఎండబోసేది కూడా అప్పుడే. పచ్చి పసుపు ఐదు క్వింటాళ్ళు ఎండితే ఒక క్వింటా అవుతుంది. అది ఎండే పది పదిహేను రోజులూ మనిషి కల్లం దగ్గర ఉండాలి. ఆ రోజుల్లో నేను మెషీన్‌ని పెట్టెలో సర్దుకొని ఏదో ఒక ఊళ్ళో ఉంటాను.

ఒక ఏడాది బెంగళూరులో ఉండగా రాత్రి పదకొండింటికి అమ్మ ఫోన్ చేసింది. "వాన మొదలైంది బిడ్డా. బాపు ఒక్కడే ఉన్నడు కల్లంల." పొద్దున మ్యాచ్‌లకు ఇంకా తొమ్మిది రాకెట్లు మిగిలున్నాయి. పక్కింటోళ్ళను లేపమన్నాను. ఫోన్ పెట్టేసి పదో అడ్డం తీగ అల్లుకున్నాను. తెల్లారి చిన్నాయన చెప్పాడు, టార్పాలిన్ లాగుతూ బురదలో జారి బాపు కుడి మణికట్టు విరిగిందని. అప్పుడన్నా బయల్దేరాల్సింది. ఎక్కడానికి బస్సులున్నాయి. కానీ టోర్నీకి నేనొక్కణ్ణే గట్టింగ్‌వాణ్ణి. ఆదివారం ఫైనల్ అయ్యాకే కదిలాను.

ఆ రాత్రి కట్టిన తొమ్మిదింటిలో నాలుగు ఒకే ఆటగాడివి. అతను రెండు బయటికి తీశాడు, ఓడిపోయాడు. మిగతా రెండూ ఇంకో ఊళ్ళో ఇంకెవరో కత్తెరతో కోసి, మళ్ళీ కట్టి ఉంటారు.

ఇంటికి పోయేసరికి బాపు పిండికట్టుతో అరుగు మీద కూర్చొని ఉన్నాడు. తడిసిన పసుపు రంగు మారింది. దాని గురించి ఎత్తలేదు.

"ఎన్ని అల్లినవ్?"

"అరవై ఏడు."

"అవన్ని ఇప్పుడేడున్నయి?"

"సగం కోసేసే ఉంటరు."

"మరి అంతగనం గుంజి కట్టుడెందుకురా?"

నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం నులక మంచం బయటికి తెమ్మన్నాడు. ఏటా ఎండాకాలం ముందు ఆయనే బిగిస్తాడు. ఆ ఏడు చెయ్యి లేదు. పట్టెకు కాలు తన్నిపెట్టి కాళ్ళవైపు తాడు ఒక్కో వరుసా లాగుతూ వచ్చాను. మెషీన్ లేదు, కిలోలు లేవు. బాపు ఎడమ అరచేత్తో నులక నొక్కి చూస్తూ "ఇంక గుంజు" అన్నాడు. నేనూ తీగలను అలాగే నొక్కి చూస్తాను. "సాలు, ఇంక గుంజితె పట్టె ఇరుగుతది" అన్నాక ఆపాను. ఆ రాత్రి ఆయన దాని మీదే పడుకున్నాడు.

వానలు పడేసరికి మంచం మళ్ళీ వదులైందని అమ్మ ఫోన్‌లో చెప్పింది.

వచ్చే ఫిబ్రవరికి నాలుగు టోర్నీలకు పిలిచారు. రెండింటికే వస్తానన్నాను. ఏ రెండు అని అడిగారు. మా ఊళ్ళో పసుపు ఎప్పుడు ఉడకబెడతారో తెలిశాక చెప్తానన్నాను. అవతల కాసేపు మాట వినబడలేదు. లైన్ కట్ అయిందనుకున్నట్టున్నారు, "హలో, హలో" అన్నారు.