ఆ పై కామా సంగతి

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గోంగూర పచ్చడి కొలతలు పెట్టాను. ఒకావిడ ఇంగ్లీషులో థాంక్స్ చెప్పారు. నేనూ ఊరుకోకుండా ఇంగ్లీషులోనే ‘యువర్ వెల్కమ్’ అని కొట్టాను. కాసేపటికి కింద రెండు నవ్వు బొమ్మలు. ఎందుకో అర్థం కాలేదు.

కాలేజీ నుంచి వచ్చాక మా అమ్మాయి చూసి, “అమ్మా, ‘నీ స్వాగతం’ అని రాశావు!” అంది. ‘యూ ఆర్’ని కలిపేసి, మధ్యలో పై కామా పెట్టి రాయాలట. పలికితే రెండూ ఒకలాగే ఉంటాయి, చెవికి తేడా ఏం తెలుస్తుంది? మనసు చిన్నబోయింది. నాలుగు రోజులు ఆ గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు.

ఆదివారం పటమట రైతుబజారు నుంచి తెచ్చిన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ దాన్నే అడిగాను, అసలా పై కామా ఎందుకే అని.

“అపాస్ట్రఫీ అమ్మా. అక్కడ ఒక అక్షరం తీసేశారని గుర్తు” అంది.

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఇది నాకు తెలిసిందే కదా! బందరులో బి.ఏ. తెలుగు చదివినప్పుడు నేర్చుకున్న అవగ్రహం చేసే పని ఇదే. సః, అహం కలిస్తే సోఽహం. పోయిన అకారానికి ఆ మెలిక గుర్తు. తెలుగు సంధుల్లో మనకా బాధ లేదు. ‘వాడు ఎక్కడ’ కాస్తా ‘వాడెక్కడ’ అయినా, పోయిన ఉకారానికి గుర్తేమీ పెట్టం.

అయితే విడదీసి చూస్తే సరి! ‘ఇట్స్’ని విడదీస్తే ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో వస్తే పై కామా ఉండాలి. ‘కుక్క దాని తోక ఊపింది’ అనేచోట విడదీయడానికేం లేదు, కాబట్టి అక్కర్లేదు.

“మరి రామాస్ బుక్ అన్నప్పుడు పెడతాంగా?” అని ఈసారి అదే తెల్లమొహం వేసింది.

“తెలుగులోనే చూడవే. రాముడికైతే వెనక ‘యొక్క’ తగిలిస్తాం. ‘నేను’కి తగిలిస్తామా? అదే ‘నా’గా మారిపోతుంది. ఇంగ్లీషులోనూ ‘హీ’ పోయి ‘హిజ్’ వచ్చినట్టే, ‘ఇట్’ పోయి ‘ఇట్స్’ వచ్చింది. మళ్ళీ గుర్తెందుకు?”

అది ఫోన్లో వెతికింది. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో ఈ ‘ఇట్స్’ అనే మాటే లేదట. తర్వాత 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లీషువాళ్ళు ‘దాని’ అనే అర్థానికి కూడా పై కామా పెట్టి రాసేవారట. నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళకి చెబుదామా అనిపించింది. మళ్ళీ ఎందుకులే అని ఊరుకున్నాను.

అంతలో దాని స్నేహితురాలు ఫోన్ చేసింది. “నా అమ్మ నాకే ఇంగ్లీష్ గ్రామర్ చెబుతోందే!” అంటోంది ఇది.

“నా అమ్మ కాదు, మా అమ్మ” అన్నాను. ఒక్కగానొక్క కూతురైనా తెలుగులో ‘మా అమ్మే’. ఈ తప్పుకి మాత్రం ఎవరూ నవ్వు బొమ్మ పెట్టరు.

సాయంత్రం గ్రూపులో చిక్కుడుకాయ కూర కొలతలు పెట్టాను. థాంక్స్ చెప్పినావిడకి, ఈసారి పై కామా పెట్టే జవాబిచ్చాను.