గులేబకావళి: రెండు భాషల పువ్వు

పుట్టిన చోటనే నిలిచిపోయిన కథ ఎక్కువ కాలం బ్రతకదు. అరబ్బుల వేయిన్నొక్క రాత్రుల కథలు 1926లో జర్మనీలో లొట్టే రైనిగర్ అనే కళాకారిణి చేతిలో, కత్తిరించిన నీడబొమ్మల చలనచిత్రంగా అవతరించాయి. అట్టి అవతారమే మన తెలుగునాట 1962లో వెలువడిన 'గులేబకావళి కథ' చిత్రం.

ఎన్.టి. రామారావు, జమున నటించిన ఆ చిత్రాన్ని నేను బాల్యంలో దూరదర్శన్‌లో చూశాను. అంధుడైన తండ్రి, అతని చూపు కోసం దివ్యపుష్పాన్ని వెదకబోయిన కుమారుడు, మాయ పాచికలాట, ఇవన్నీ నాకు అచ్చమైన తెలుగు జానపదంగానే తోచాయి. ప్రక్కన కూర్చున్న మా దాదీకి తెలుగు సంభాషణలు అంతంతమాత్రంగానే అర్థమయ్యేవి. అయినా రాబోయే ఘట్టాన్ని ఆమె ముందుగానే ఉర్దూలో చెప్పేది. తెరమీద తెలుగు పేరు ధరించిన రాకుమారుడు అసలు తాజుల్ ముల్క్ అని ఆమె వల్లనే తెలిసింది.

ఆ చిత్రం పేరును గమనించండి. పారశీకంలో 'గుల్' అనగా పువ్వు. 'గులే బకావలీ' అనగా బకావలి యొక్క పువ్వు. మన షష్ఠీ విభక్తి చేసే పనిని అక్కడ ఆ ఏకారం చేస్తుంది. దానిని చెక్కుచెదరనీయక, చివర 'కథ' అనే సంస్కృత పదం చేర్చి, తెలుగువారు తమ పేరుగా పలుకుతున్నారు.

ఎం.ఏ. ముగిసిన పిదప ఉర్దూ లిపి నేర్చుకొని ఈ కథ పుట్టుపూర్వోత్తరాలు వెదికాను. 1722లో ఇజ్జతుల్లా బెంగాలీ దీనిని పారశీకంలో వ్రాశారు. 1803లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల కోసం నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ వచనంలోనికి తెచ్చారు. 1838 ప్రాంతంలో లక్నో కవి పండిత దయాశంకర్ నసీమ్ 'గుల్జారె నసీమ్' అనే మస్నవీ కావ్యంగా మలిచారు. ఆ ఉర్దూ కథలో ఇంద్రసభ ఉన్నది! మానవుణ్ణి ప్రేమించిన నేరానికి బకావలి ఇంద్రుని శాపంతో సగం శిలగా మారుతుంది. ఉగాదినాడు దేవుని కడప ఆలయానికి ముస్లిం కుటుంబాలు తరలివెళ్లే మన సీమవారికి ఇది వింతగా తోచదు.

తెలుగు చిత్రానికి పాటలు వ్రాసిన సి. నారాయణరెడ్డికి అదే తొలి చిత్రం. ఆయన విద్యాభ్యాసం ఉర్దూ మాధ్యమంలో సాగింది. తరువాతి కాలంలో ఆయన తెలుగులో గజళ్లు కూడా వ్రాశారు. ఉర్దూ తోటలోని పువ్వు తెలుగులో పరిమళించడానికి రెండు భాషలూ ఎరిగిన కవి దొరికాడు.

నేడు అట్టివారు మన తరగతుల్లో ఎందరు? ఇంట ఉర్దూ మాట్లాడుతూ ఆ లిపిని చదవలేని విద్యార్థులు ఒకవైపు. బస్సు పలకలకు మించి తెలుగు చదవని ఉర్దూ విద్యార్థులు మరొకవైపు. 2016లో మన కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వెలసింది, సంతోషమే. కాని విశ్వవిద్యాలయం గ్రంథాలను కాపాడగలదు గాని, పెద్దల నాలుకమీది కథను కాపాడవలసినది ఇంటివారే. మా దాదీ చెప్పిన దక్కనీ కథలో, నేను చదివిన ఏ ప్రతిలోనూ కనిపించని ఘట్టాలు ఉండేవి. వాటిని ఎవరూ వ్రాసిపెట్టలేదు. ఆమెతోనే అవి మట్టిలో కలిశాయి.

విద్యార్థులారా, మీ ఇళ్లలో ఇంకా దాదీలు, నానీలు, అవ్వలు ఉన్నారు. వచ్చే సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క కథ వ్రాసి తెండి. ఉర్దూలో విన్నది తెలుగులోనూ, తెలుగులో విన్నది ఉర్దూలోనూ వ్రాయండి. మన సంచిక కుడినుండి ఉర్దూగా, ఎడమనుండి తెలుగుగా తెరుచుకొంటుంది. రెండు భాగాలూ కలిసే నడిమి పుటలను ఆ కథలకు కేటాయించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను.